కోసుకుపోయిన ఒడ్డున నిరీక్షణ

నర్సు ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట. నేనిక్కడ కాస్త గొప్పలు చెప్పుకోబోతున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా మిషను ఆసుపత్రిలో అణకువ గురించి చెప్పిచెప్పి మా నోళ్ళు కట్టేశారు. రిటైరయ్యాక ఇక కట్టేసేదెవరు? గర్వపడదగ్గ రోజు నా జీవితంలో ఒకటుంది. అది చెప్పకుండా పోతే, ఆ రోజు నాతోపాటు నిలబడ్డవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది.

డెబ్భైల చివరి మాట. తూర్పుగోదావరిలో ఓ చిన్న మిషను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. అంతకు ముందు ఏడే మా ఆయన పోయారు. సామర్లకోట స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా పనిచేసేవారు. రైలు పెట్టెలు కలిపేచోట కాలు జారింది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. ఎన్నిసార్లు ఎవరికి చెప్పినా అంతే.

సమాధి చేసి వచ్చాక మళ్ళీ డ్యూటీలో చేరాను గానీ, ప్రార్థన మాత్రం రాలేదు. మా ఆసుపత్రిలో ఉదయం పని మొదలెట్టేముందు అందరం వరండాలో నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్ళం. నా పెదాలు కదిలేవి. లోపల మాత్రం ఎవరూ లేని ఇంటి తలుపు కొడుతున్నట్టుండేది. అది కనిపెట్టింది మా డాక్టరమ్మ ఒక్కరే. పెళ్ళి చేసుకోని మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. ఒక ఉదయం నన్ను పక్కకి పిలిచారు.

"ప్రార్థన రావట్లేదా?"

"రావట్లేదండి."

"సరే. వచ్చేదాకా నీ వాటా కూడా నేనే చేస్తాను. నువ్వెళ్ళి సూదులు మరగబెట్టు."

ఓదార్పంటే అది. అంతకు ముందు ఇంటికొచ్చి గంటలు గంటలు బైబిలు వాక్యం చెప్పినవాళ్ళెవరూ నాకు అంత ఊపిరి పోయలేదు.

మా చర్చిలో ఆశని నిరీక్షణ అంటాం. బయట ఆ మాటకి ఎదురుచూపు అని అర్థం. చిన్నప్పట్నుంచీ పాటల్లో ఆ మాట పాడుతూనే ఉన్నాను. ఆ ఏడు మాత్రం ఎవరి నోట విన్నా ఒళ్ళు మండేది. ఎదురుచూడ్డానికి ఎవరొస్తారు గనక?

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది.

ఉప్పాడ దాటాక తీరం వెంబడి ఓ మత్స్యకారుల పల్లె ఉంది. అక్కడ సముద్రం ఏటేటా ఒడ్డుని కోసుకుంటూ వస్తుంది. మా తాత ఇల్లు అదిగో అక్కడ అని ముసలివాళ్ళు నీళ్ళలోకి చెయ్యి చాపి చూపిస్తారు. ఒడ్డు తగ్గేకొద్దీ పడవలు లాగి పెట్టుకునే చోటూ తగ్గిపోయింది. ఆ కాస్త చోటు కోసం ఉత్తరపు వీధివాళ్ళూ దక్షిణపు వీధివాళ్ళూ కొట్టుకునేవారు. తుఫానుకి ముందు ఏడు జరిగిన గొడవలో దక్షిణపు వీధి మనిషి తెడ్డుతో కొడితే ఉత్తరపు వీధి యువకుడొకడు చచ్చిపోయాడు. కొట్టినవాడికి శిక్ష పడి రాజమండ్రి జైల్లో ఉన్నాడు. అప్పట్నుంచీ ఆ రెండు వీధుల మధ్య మాటల్లేవు, మంచినీళ్ళు పుచ్చుకోవడాల్లేవు. ఇది ఆ ఊళ్ళో కాకిక్కూడా తెలుసు. బయట నుంచి వెళ్ళిన మాకు తెలియదు.

తుఫాను వెలిశాక బావుల్లో ఉప్పునీళ్ళూ మురికీ కలిసి కలరా పట్టుకుంది. డాక్టరమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని జీపులో వెళ్ళారు. ఊళ్ళో ఇళ్ళన్నీ పడిపోయాయి. నిలిచిన కట్టడం ఒక్కటే, ఊరి చివరి ప్రార్థన మందిరం. పక్కనున్న నాలుగైదు క్రైస్తవ కుటుంబాలు పెద్దల నాడు కట్టుకున్నది. పెంకులు సగం ఎగిరిపోయినా గోడలు నిలబడ్డాయి. అంతవరకూ అందులో అడుగుపెట్టని ఊరంతా ఇప్పుడు చాపల మీద వరసగా పడుకుంది. క్రిస్మస్‌కి కాగితం నక్షత్రాలు కట్టే తాళ్ళకి మేం సెలైన్ సీసాలు కట్టాం.

ఆ మందిరానికి ఓ ఉపదేశిగారుండేవారు. ఉపదేశి అంటే పాస్టరుగారికీ బడిపంతులుకీ మధ్య మనిషి. పల్లెల్లో ఆదివారం వాక్యం చెప్పి, మిగతా రోజుల్లో పిల్లలకి అక్షరాలు దిద్దించేవారు. ఈయన బక్కపలచని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఒక అడుగు వెనక్కి వేసేవారు. మేం వెళ్ళిన సాయంత్రం నాలుగు మంచి మాటలు చెబుదామని గుమ్మం దగ్గర నిలబడి, యేసు ప్రభువు తుఫానుని గద్దించి ఆపిన కథ మొదలెట్టారు. రోగుల పక్కన కూర్చున్న ఓ ముసలి జాలరి అంతా విని, మర్యాదగానే అడిగాడు.

"మరి మొన్న ఆయన ఎక్కడున్నారండి?"

నేను చేస్తున్న పని ఆపి ఉపదేశిగారి వైపే చూశాను. నేనడగాల్సిన ప్రశ్న అది. ఏడాదిగా గొంతులో అడ్డం పడి ఉన్న ప్రశ్న.

"నాకు తెలీదు బాబూ," అన్నారు ఉపదేశిగారు. తర్వాత పంచె ఎగ్గట్టుకుని, వాంతుల బకెట్టు తీసుకుని బయట పారబోయడానికి వెళ్ళారు. మళ్ళీ వచ్చి ఇంకో బకెట్టు తీసుకెళ్ళారు. అక్కడున్నన్నాళ్ళూ ఆయన ఇక వాక్యం చెప్పలేదు. బకెట్లు మోశారు, గోతులు తవ్వారు, నీళ్ళు మరగబెట్టారు. ఆ జాలరి కూడా చూస్తూ కూర్చోలేక, మర్నాటికల్లా రెండో బకెట్టు అందుకున్నాడు.

ఇక ఆ రోజు సంగతి.

మా జీపు డ్రైవరుది కడియం. అంతకు ముందు నర్సరీ మొక్కల లారీల మీద దేశమంతా తిరిగి వచ్చినవాడు. మొక్కలు సర్దినట్టే మనుషుల్నీ సందు లేకుండా సర్దేవాడు. ఉదయాన్నే వీధుల్లోకి వెళ్ళి పడిపోయినవాళ్ళని ఎక్కించుకొచ్చి, దించి, ఖాళీ ఉన్న చాపల మీద పడుకోబెట్టాడు. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన పడ్డారు. ఒకామె పెద్దది. చనిపోయిన యువకుడి తల్లి. రెండో ఆమెకి పాతికేళ్ళుండవు. జైల్లో ఉన్నవాడి భార్య. ఊరు మొత్తమ్మీద ఒకచోట ఉంచకూడనివాళ్ళు ఇద్దరే ఇద్దరుంటే, ఆ ఇద్దర్నీ ఒక్క జీపులో, ఒకరి భుజానికి ఒకరిని ఆనించి మరీ తెచ్చాడు మహానుభావుడు.

అప్పటికే సెలైన్ అడుగంటింది. ఇంకొన్ని సీసాలు తేవడానికి డాక్టరమ్మ జీపులో కాకినాడ బయల్దేరారు. "నేనొచ్చేదాకా నీదే బాధ్యత," అన్నారు నాతో. దారిలో గండ్లు పడి ఉన్నాయని అందరికీ తెలుసు. ఎప్పటికొస్తారో ఎవరికీ తెలియదు.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి చూస్తే మిగిలింది ఒక్క సీసా.

పెద్దామె కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి, కానీ తెలివి ఉంది. నీళ్ళు పోస్తే మింగుతోంది. చిన్నామెకి తెలివి లేదు. నాడి వేలికి అందీ అందకుండా ఉంది. నోట్లో పోస్తే పక్కకి కారిపోతోంది. మింగగలిగినవాళ్ళకి మరగబెట్టిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి కొంచెం కొంచెంగా పట్టించండి, అది కూడా సెలైన్ చేసే పనే చేస్తుందని డాక్టరమ్మ మాకు నేర్పారు. అప్పటికది కొత్త. మాలో చాలామందికి పూర్తి నమ్మకం లేదు. నాకూ సగమే.

సీసా చిన్నామెకి పెట్టాను. సూది రక్తనాళంలోకి వెళ్ళి చుక్క పడటం మొదలైందో లేదో, గుమ్మం దగ్గర వెలుతురు ఆగిపోయింది. తలెత్తి చూస్తే పెద్దామె రెండో కొడుకు. చేతిలో తెడ్డు. వెనక ఉత్తరపు వీధి మగవాళ్ళు.

"మా అన్నని చంపినోడి పెళ్ళాన్ని మా అమ్మ పక్కలో ఏసిందెవరు?"

విషయం నాకప్పుడు తెలిసింది.

అతను సీసా వైపు చూశాడు. తర్వాత తల్లి పక్కనున్న గ్లాసు వైపు చూశాడు. "దానికి మందు, మా అమ్మకి నీళ్ళా? తియ్యి ఆ సూది. మా అమ్మకి పెట్టు."

"మీ అమ్మ మింగగలదు బాబూ. ఈమె మింగలేదు. ఈ సూది తీస్తే ఈమె చచ్చిపోతుంది."

"చావనీ."

"నేను తియ్యను," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "నర్సుని. పెట్టడానికొచ్చాను, తియ్యడానికి కాదు. కావాలంటే నువ్వు తియ్యి. రా, నీ చేత్తోనే తియ్యి. నేను అడ్డు రాను."

నిజంగానే పక్కకి జరిగాను. అతను రెండడుగులు వేశాడు. ఆ అమ్మాయి మొహం చూశాడు. కలరా మనిషి మొహాన్ని మీరు చూసి ఉండరు, చూడకూడదనే కోరుకుంటాను. పాతికేళ్ళ పిల్ల డెబ్భై ఏళ్ళ ముసలిదానిలా ఉంది. అతని చెయ్యి లేవలేదు. తెడ్డూ దిగలేదు.

అప్పుడు ఉపదేశిగారు పెరటి వైపు నుంచి వచ్చారు. మసి మొహం, తడి పంచె. ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెనక్కి అడుగేసే మనిషి, తిన్నగా అతని ముందుకొచ్చి చెయ్యి చాపారు.

"ఆ తెడ్డు ఇలా ఇస్తావా బాబూ? పొయ్యిలో కట్టెలు ఎగదోయడానికి ఏమీ దొరకట్లేదు. నీళ్ళు మరగకపోతే మీ అమ్మకి పట్టించడానికుండవు."

ధైర్యంతో అన్నారో, నిజంగా కర్ర దొరక్కే అన్నారో, నాకు ఈ రోజుకీ తెలియదు. తర్వాతెప్పుడో అడిగితే "రెండూనమ్మా," అన్నారు. అతను ఆయన్ని చూసి, తెడ్డు చూసుకుని, ఇచ్చేశాడు. ఇచ్చేశాక ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. ఖాళీ చేతులు ప్రమాదమని నాకు తోచింది. గ్లాసూ స్పూనూ వాటిలో పెట్టాను.

"కూర్చో. ఒక్కో స్పూను. కక్కితే కాసేపాగి మళ్ళీ పట్టు. ఆపకు."

"మా అమ్మ పోతే?"

"పోదు. నువ్వు ఆపనంతసేపు పోదు."

అలా మాటివ్వకూడదని నర్సింగులో మొదటి పాఠమే చెబుతారు. ఇచ్చేశాను. ఇచ్చాక మందిరం వెనక్కి వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను. జీపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ నీళ్ళు పనిచేస్తాయో లేదో తెలియదు. "ప్రభువా, నాకు చేతనైంది ఇంతే, మిగతాది నువ్వు చూడు," అన్నాను. అంతే. అన్నాక గానీ తెలియలేదు, అది ప్రార్థన అని. ఆయన ఎక్కడున్నారన్న ప్రశ్నకి జవాబేమీ రాలేదు. కానీ ఈసారి ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టు మాత్రం అనిపించలేదు. లోపలికొచ్చి మళ్ళీ పనిలో పడ్డాను.

అతను ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నాడు, తల్లి వైపు మొహం, ఆ అమ్మాయి వైపు వీపు. స్పూను తర్వాత స్పూను. తల్లి కక్కితే తుండుగుడ్డతో తుడిచి మళ్ళీ. అతనితో వచ్చినవాళ్ళు గుమ్మంలో కాసేపు నిలబడి, చెయ్యడానికేమీ లేక, ఒకరొకరే ఉపదేశిగారి పొయ్యి దగ్గరికి చేరారు. నీళ్ళు మొయ్యడం మొదలెట్టారు.

మధ్యాహ్నానికి సీసా అయిపోయింది. చిన్నామెకి నాడి దొరికింది, కళ్ళు తెరిచింది. ఇంక మింగగలదు. కానీ ఆమెకి పట్టించేవాళ్ళు లేరు. అత్త తుఫానులో పోయింది. ఆమె చిన్న కూతురు పక్కింటివాళ్ళ దగ్గరుంది. నేను కూర్చుందామనేలోగా అవతలి చివర ఓ ముసలాయన ఫిట్స్‌తో కొట్టుకోవడం మొదలెట్టాడు. పరిగెత్తాను. ఆయన దక్కలేదు. కళ్ళు మూసి, గుడ్డ కప్పి, వెనక్కి తిరిగాను.

"దాహం... దాహం..." అంటోంది చిన్నామె. ఆమె పక్కనే అతని వీపు. అతను కదల్లేదు. ఆమె మళ్ళీ అంది. అతని చేతిలో స్పూను గాల్లో ఆగిపోయింది. నేను అడుగు వెయ్యబోయి ఆగాను.

అతను మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె మొహంలోకి చూడకుండా, నోటికి మాత్రం గురిచూసుకుని ఒక స్పూను పోశాడు. ఆమె మింగింది. ఎవరు పోశారో అప్పుడు చూసింది. భయంతో కళ్ళు పెద్దవయ్యాయి. అతనూ తాను చేసిన పనికి తానే జడుసుకున్నట్టు బిగుసుకుపోయాడు.

పెద్దామె ఇదంతా చూస్తూనే ఉంది. గొంతు పీలగా వచ్చింది గానీ, మాట స్పష్టంగానే వచ్చింది.

"ఆపావేంట్రా? దానికీ పొయ్యి."

అతను పోశాడు. ఇటో స్పూను, అటో స్పూను. అతని కళ్ళ వెంబడి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

నా ఉద్యోగంలో పెద్ద పెద్ద ఆపరేషన్లు చూశాను. పోతాడనుకున్నవాడు లేచి నడవడం చూశాను. దానికి సాటి వచ్చేది మాత్రం ఇంకోటి చూడలేదు. సమాధానం, అంటే శాంతి, అని మేం అన్ని పాటలు పాడుకుంటామే, అది దిగివచ్చేటప్పుడు ఇలాగే ఉంటుందన్నమాట అనుకున్నాను. వీపు పెట్టి కూర్చున్న మనిషి మెల్లగా ఇటు తిరగడం.

పొద్దు వాలేముందు జీపు వచ్చింది. డాక్టరమ్మ మోకాళ్ళ దాకా బురదతో దిగి, గుమ్మంలోనే ఆగిపోయారు. ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో అతను, బయట పొయ్యి దగ్గర రెండు వీధుల మగవాళ్ళు. ఈలోగా దక్షిణపు వీధివాళ్ళు కూడా ఏం జరుగుతోందో చూద్దామని వచ్చి, బిందెలు చేతుల్లో పడితే మోస్తున్నారు. ఆవిడ నన్ను చూసి, "ఏం చేశావే?" అన్నారు.

"మీరు నేర్పిందేనండి. ఇంకోటి, ఇవాళ నా వాటా నేనే చేసుకున్నాను."

అర్థమైంది ఆవిడకి. ముక్కు గట్టిగా చీదుకుని, "సీసాలు దించండి, చూస్తూ నిలబడితే అవే దిగుతాయా?" అని డ్రైవరు మీద విరుచుకుపడ్డారు.

ఇద్దరూ బతికారు. ఊరంతా బతకలేదు. ఆ మందిరం వెనక మేం మోసుకెళ్ళి పూడ్చినవాళ్ళ సంగతి నేను మరిచిపోలేదు, ఎవరి దగ్గరా దాచలేదు. విరిగిపోయిన లోకం ఒక్కరోజులో అతుక్కోదు. ఆ రెండు వీధులవాళ్ళు మళ్ళీ తిట్టుకున్నారు కూడా. కానీ కొట్టుకోలేదు. ఉన్న కాస్త ఒడ్డు మీద వంతులు పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకి పెద్దామె మా ఆసుపత్రికి వచ్చింది. వెనకే చిన్నామె.

"ఇది మొగుణ్ణి చూడ్డానికి రాజమండ్రి వెళ్తాదంట. నేనూ వెళ్తాను. మాకు జైలు కాడ మాట్లాడ్డం రాదు, నువ్వు కూడా రా సిస్టరమ్మా."

"ఎందుకమ్మా నీకు?"

"వాడి మొహం ఒకసారి చూడాల."

డాక్టరమ్మ సెలవిచ్చారు. సామర్లకోటలో రైలెక్కాలి. మా ఆయన పోయాక ఆ ప్లాట్‌ఫారం మీద నేను కాలు పెట్టలేదు. మెట్ల దగ్గరే ఆగిపోయాను. పెద్దామె వెనక్కి తిరిగి చూసింది. చెప్పాను. ఆమె వచ్చి నా ముంజేయి పట్టుకుంది. వలలు లాగి లాగి బరకబారిన చెయ్యి. రైలొచ్చేదాకా వదల్లేదు.

జైల్లో కమ్మీల అవతల అతను తల వంచుకుని నిలబడ్డాడు. భార్య ఏడుస్తూ పక్కకి తప్పుకుంది. పెద్దామె చాలాసేపు అతన్ని చూసింది. ఉమ్మేస్తుందేమోనని నేను భయపడ్డాను.

"నీ పెళ్ళాం బతికింది," అంది. "నేనూ బతికాను. నీ కూతురు మా గుమ్మంలో ఆడుకుంటాది, అన్నం పెడితే తింటాది. నా కొడుకు మాత్రం ఇంక రాడు. అది నువ్వు మర్చిపోకూడదు. మర్చిపోకుండా బయటికి రా."

అతను తలెత్తకుండానే అన్నాడు. "వచ్చి ఆ ఊళ్ళో ఎలా తిరగనమ్మా?"

"తిరగడానికేం ఉంది? పడవ లాగాల. ఒడ్డు సగం పోయింది, లాగడానికి మనుషులు చాలట్లేదు."

బయటికొచ్చి గోడ నీడన కూలబడింది. కాసేపటికి నన్నడిగింది. "మీ గుళ్ళో క్షమించడం అంటారంటగా. అదేనా ఇది?"

"అదేనేమోనమ్మా."

"మంట పూర్తిగా పోలేదు మరి."

"నాకూ పోలేదు."

ఆమె తలాడించింది, తనతో కలిసి వల లాగే మనిషి మాట విన్నట్టు. తర్వాత చిన్నామె వైపు తిరిగింది. "ఆకలేస్తందే. నా కొడుకు పోయిన కాణ్ణుంచీ ఆకలన్నది ఎరగను. ఏమన్నా ఉందా?"

చిన్నామె మొగుడి కోసమని మూటకట్టుకొచ్చిన అన్నం, ఎండుచేపల కూర జైలువాళ్ళు లోపలికి పోనివ్వలేదు. ఆ మూట విప్పి, ముందు పెద్దామెకి పెట్టింది. తర్వాత నాకు. పెద్దామె ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది.

"మీరు తినేముందు ఏదో చెప్పుకుంటారుగా? చెప్పు. మేం ఆగుతాం."

కళ్ళు మూసుకుని చెప్పాను. చిన్న ప్రార్థనే. వాళ్ళిద్దరూ చేతిలో ముద్దలతో కదలకుండా కూర్చున్నారు. ఆమేన్ అన్నాక ముగ్గురం కడుపునిండా తిన్నాం.